స్టీరింగు చక్రమును తేలికపరచిన ఫ్రాన్సిస్ డేవిస్

సరుకుతో నిండిన లారీని ఇరుకైన వీధి మలుపులో ఒక చేతితో అవలీలగా త్రిప్పు చోదకుని చూచువారికి, ఆ పనిలో శ్రమ యున్నదని తోచదు. నూరు సంవత్సరముల క్రిందట సంగతి అట్లు కాదు. మోటారు లారీ నడపువాడు మల్లునివలె భుజబలము గలవాడై యుండవలెను. బండి నిలిచియున్నప్పుడు చక్రము త్రిప్పుట మరింత కష్టము. ముందు చక్రము గోతిలో పడినచో ఆ దెబ్బ చోదకుని చేతులకు ప్రాకెడిది. స్టీరింగు చక్రము గిరుక్కున తిరిగి వ్రేళ్లకు గాయములు చేయుటయు కలదు. ఈ బాధను తొలగించుటకై తన జీవితములో పెద్ద భాగమును వెచ్చించిన ఇంజనీరు ఫ్రాన్సిస్ రైట్ డేవిస్.

డేవిస్ 1887వ సంవత్సరమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమందు, జర్మన్‌టౌన్ అను పేటలో జన్మించెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి 1910లో పట్టము పొందెను. పిమ్మట న్యూయార్కు రాష్ట్రమందలి బఫెలో నగరములో పియర్స్-యారో మోటారు కంపెనీలో ఉద్యోగమునకు చేరెను. ఆ కంపెనీ కార్లు ఆనాడు సంపన్నులకు మాత్రమే అందునవి. 1909లో అమెరికా అధ్యక్షుడు టాఫ్టు తన అధికార భవనమునకు ఆ కార్లనే తెప్పించుకొనెను. డేవిస్ మాత్రము అందమైన కార్ల నడుమ గాక, బరువులు మోయు లారీల విభాగమున పనిచేసి, క్రమముగా దానికి ప్రధాన ఇంజనీరు ఆయెను. ఒక విధముగా ఇదియే ఆయనకు మేలు చేసెను. సుఖముగా సాగు బండ్ల నడుమ నుండినచో చోదకుల బాధ ఆయన కంట పడెడిది కాదేమో!

స్టీరింగు కడ్డీ చివర ఒక ఇనుప పెట్టె యుండును. దానిలో మరచుట్లు గల ఇరుసును, దానికి తగులుకొను పండ్లచక్రమును ఉండును. చోదకుడు పైన పలుమార్లు చక్రము త్రిప్పగా క్రింద ముందు చక్రములు కొంచెముగా ప్రక్కకు మళ్లును. పైన ఎన్ని ఎక్కువ చుట్లు త్రిప్పవలసియుండునో, ప్రతి చుట్టునకును బలము అంత తక్కువ చాలును. అందుచేత బండ్ల బరువు పెరిగిన కొలది ఇంజనీర్లు చుట్లు పెంచుచు వచ్చిరి. ఫలితమేమి? చేతులకు కొంత తేలిక కలిగినను, ఆపదలో బండిని చటుక్కున ప్రక్కకు తప్పింపవలసినప్పుడు చోదకుడు చక్రమును త్రిప్పుచునే యుండవలసి వచ్చెను. 1923 తరువాత తక్కువ గాలి ఒత్తిడితో నడచు వెడల్పైన టైర్లు వ్యాపించినవి. అవి ప్రయాణమునకు మెత్తన. కాని నేలను ఎక్కువగా పట్టుకొనుటచే చక్రము త్రిప్పుట మరింత బరువాయెను. చుట్లు పెంచు ఉపాయము ఇక సాగదని డేవిస్ గ్రహించెను. బండిని ముందుకు లాగుచున్న ఇంజను బలములో కొంత చోదకుని చేతికి తోడుగా నిలుపవలెనని ఆయన సంకల్పము.

ఈ సంకల్పముతో ఆయన స్థిరమైన ఉద్యోగమును విడిచిపెట్టెను. మసాచుసెట్స్ రాష్ట్రమున, గడియారముల తయారీకి పేరుపొందిన వాల్థం పట్టణములో ఒక చిన్న పనిశాలను ఏర్పరచుకొనెను. జార్జి జెస్సప్ అను నేర్పరియైన పనిముట్ల తయారీదారు ఆయనకు సహాయకుడు. డేవిస్ ఆలోచించి గీయుటయు, జెస్సప్ లోహమును చెక్కి ఆకారము కల్పించుటయు జరుగుచుండెను.

చమురు పీడనముతో యంత్రములను నడపుట అప్పటికే తెలిసిన విద్య. ఆ యంత్రములలో కవాటములు ఎల్లప్పుడును మూయబడి యుండెడివి. వాని వెనుక చమురు తీవ్రమైన ఒత్తిడితో నిలిచియుండెడిది. పని కావలసినప్పుడు కవాటము తెరచినచో చమురు దూకి పిస్టనును త్రోసెడిది. పెద్ద కర్మాగారములో ఈ పద్ధతి చెల్లును. కదలుచు, కుదుపులు తినుచు పోవు బండిలో నిరంతరపు ఒత్తిడికి అతుకులు తాళలేక చమురు కారిపోవుచుండెను. డేవిస్ దీనిని ఆపుటకు ఎంతో శ్రమించి, తుదకు సమస్యను తలక్రిందులు చేసి చూచెను. కవాటమును మూసియుంచి తెరచుటకు బదులు, తెరచియే యుంచి అవసరమైనప్పుడు మూసిన నేమి? ఆయన కీర్తికి మూలము ఈ ఒక్క ఆలోచనయే.

పొలములో నీరు పెట్టుట చూచినవారికి ఇది సులభముగా బోధపడును. కాలువ నీరు కుడి ఎడమల నున్న రెండు మడవల గుండ స్వేచ్ఛగా పారుచుండగా గట్టుపై ఒత్తిడి యుండదు. రైతు ఒక మడవను పారతో మట్టి వేసి మూయగానే నీరు రెండవ వైపునకు బలముగా మళ్లును. డేవిస్ యంత్రమందును ఇంజనుచే తిరుగు పంపు చమురును ఎడతెగక త్రిప్పుచుండును. బండి తిన్నగా పోవునంతసేపు ఆ చమురు తెరచిన కవాటము గుండ పారి మరల తొట్టిని చేరును, ఒత్తిడి స్వల్పము. చోదకుడు చక్రమును ఒక ప్రక్కకు త్రిప్పగానే కవాటము రవ్వంత జరిగి ఒక దారిని మూయును. వెంటనే పిస్టనునకు ఒక వైపున పీడనము పెరిగి, అది ముందు చక్రములను ఆ దిక్కునకు త్రోయును. చోదకుడు చేయి ఆపగానే కవాటము నడిమికి వచ్చును, త్రోపుడు నిలిచిపోవును.

ఇందు మరియొక జాగ్రత్త కలదు. చక్రము మితిమీరి తేలికయైనచో చోదకునకు క్రింద బాట యెట్లున్నదో తెలియదు. అందుచేత డేవిస్ కవాటమునకు స్ప్రింగులు అమర్చి, చేతితో కొంత బలము చూపిన పిమ్మటనే చమురు తోడువచ్చునట్లు ఏర్పాటు చేసెను. ఒకవేళ పంపు చెడిపోయినను స్టీరింగు కడ్డీకిని చక్రములకును గల ఇనుప సంబంధము తెగదు. చోదకుడు పూర్వమువలె తన బలముతోనే బండిని నడపుకొనవచ్చును.

1926లో ఈ యంత్రము అమర్చిన పియర్స్-యారో కారును తీసికొని డేవిస్ డెట్రాయిట్ నగరమునకు పోయెను. జనరల్ మోటార్సు ఇంజనీర్లు ఆ కారును నడపి చూచిరి. నిలిచియున్న కారు చక్రములు వ్రేళ్ల బలముతో తిరుగుట వారికి ఆశ్చర్యము కలిగించెను. కంపెనీ ఆయనతో ఒప్పందము కుదుర్చుకొనెను. తన శ్రమ ఫలించు దినము దగ్గరపడెనని డేవిస్ సంతోషించెను.

కాని 1929లో అమెరికాను గొప్ప ఆర్థిక మాంద్యము కమ్ముకొనెను. కర్మాగారములు మూతపడెను, లక్షలాది జనులు పనులు కోల్పోయిరి. కాడిలాక్ కార్లలో ఈ యంత్రమును ప్రవేశపెట్టవలెనని తలచిన జనరల్ మోటార్సు, అమ్ముడుపోవు కొద్దిపాటి కార్లతో తయారీ ఖర్చులు గిట్టవని లెక్కవేసి, 1934లో ఆ ప్రయత్నమును మానుకొనెను. యంత్రమందు లోపము లేదు, ఇంజనీర్లందు ఇష్టమునకు కొదువ లేదు. కాలము మాత్రము కలిసిరాలేదు. అప్పటికి డేవిస్ వయస్సు నలువదియేడు సంవత్సరములు.

ఆయన ఊరకుండలేదు. 1936లో బెండిక్సు అను మరియొక సంస్థతో ఒప్పందము చేసికొనెను. రెండవ ప్రపంచయుద్ధము రాగా, సంపన్నుల కార్లకు దక్కని యంత్రము యుద్ధభూమికి పోయెను. బ్రిటిషు సైన్యము కొరకు చెవ్రొలెట్ వారు నిర్మించిన కవచ వాహనములు పలు టన్నుల బరువు గలవి. అట్టివానిని గుంతల నేలపై గంటలకొలది నడపవలసిన సైనికుని చేతులకు చమురు తోడు కావలసివచ్చెను. యుద్ధము ముగియునప్పటికి పదివేలకు పైగా సైనిక వాహనములలో డేవిస్ పద్ధతి అమరియుండెను.

యుద్ధానంతరము కార్లు మరింత పెద్దవి, బరువైనవి ఆయెను. 1951లో క్రిస్లరు కంపెనీ తన ఇంపీరియల్ కారులో మొదటిసారిగా ఇట్టి యంత్రమును సామాన్య కొనుగోలుదారులకు అందించెను. అమెరికాలో ఆనాడు పేటెంటు మంజూరైన దినమునుండి పదునేడు సంవత్సరములు మాత్రమే దానికి రక్షణ. డేవిస్ మొదటి పేటెంట్లలో కొన్నిటి గడువు అప్పటికే తీరిపోయెను. గడువు తీరిన ఆ పద్ధతులను క్రిస్లరు వారు వాడుకొనిరి. అది చట్టసమ్మతమే, అందుకై ఆయనకు చెల్లింపవలసినది ఏమియు లేదు. ఇరువదియైదేండ్ల క్రిందట డెట్రాయిట్ వీథులలో తాను నడపి చూపిన వింత, ఇతరుల పేరుతో లోకమునకు పరిచయమాయెను. అయినను ఆ కారు అమ్మకము చూచి జనరల్ మోటార్సు మేల్కొనెను. డేవిస్ తమకొరకు ఇంచుమించు ఇరువది యేండ్లకు పూర్వము చేసిన కృషిని వెలికిదీసి, 1952 కాడిలాక్ కార్లలో ప్రవేశపెట్టెను. పిదప కొలది సంవత్సరములలోనే లక్షలకొలది కార్లకు ఈ సౌకర్యము కలిగెను.

1960 తరువాత అమెరికాలో యువకులు మిక్కిలి శక్తిగల ఇంజన్లున్న కార్లపై మోజు పడిరి. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓ వీనిలో ప్రసిద్ధమైనది. దాని ఇంజను ఎనిమిది సిలిండర్లతో ఇంచుమించు ఆరున్నర లీటర్ల పరిమాణము గలది. వీనిని మజిల్ కార్లు, అనగా కండబలము గల కార్లు, అని పిలిచెదరు. ముందు చక్రములపై అంత బరువుండగా చమురు తోడులేని స్టీరింగు పెద్ద శిక్షయే. జనరల్ మోటార్సు వారి సాగినా విభాగము చేసిన పెట్టెలలో కవాటమును పిస్టనును ఒకే ఇంటిలో ఇమిడియుండెను. డేవిస్ ఈ వైభవమంతయు చూచి, 1978లో తన తొంబదవ యేట మరణించెను.

ఆ కాలపు కార్లను అపురూపముగా కాపాడుకొనువారు ఇప్పుడును ఉన్నారు. ఆ పాతపెట్టెలు అనేకము 17.5కు 1 పాళ్లలో పనిచేయును. అనగా చక్రమును ఒక చివరనుండి మరియొక చివరకు త్రిప్పుటకు నాలుగు చుట్లు పట్టును. చేతికి బాట స్పర్శయు సరిగా అందదు. అందుచేత వారు పాతపెట్టెను విప్పి, అదే తావున 12.7కు 1 పాళ్లు గల తరువాతి కాలపు పెట్టెను బిగించెదరు. దీనితో రెండున్నర చుట్లే చాలును. లోపల కవాటమును కదలించు సన్నని మెలికకడ్డీ మునుపటికంటె దృఢముగా నుండుటచే బాట సంగతి చేతికి తెలియును. పాత గొట్టముల కొనలు క్రొత్త పెట్టెకు సరిపడనిచో నడుమ జోడింపు ముక్కలు వేయవలెను. చుట్లు తగ్గినచో బలము హెచ్చుగా కావలెను గదా! చమురు తోడులేనిదే ఇంత బరువైన కారునకు ఇట్టి పెట్టె పనికిరాదు. బఫెలో లారీ చోదకుల పాట్లే మరల కలుగును.

పెట్టె బిగించిన పిమ్మట కారు ముందుభాగమును జాకీతో పైకెత్తి, తొట్టిలో క్రొత్త చమురు పోయుదురు. ఇంజను నడపక ముందే చక్రమును ఈ చివరనుండి ఆ చివరకు పలుమార్లు నెమ్మదిగా త్రిప్పుదురు. లోన చిక్కుకొనిన గాలి బుడగలుగా తొట్టిలోనికి వచ్చి పోవును. బుడగలు ఆగి, చమురు మట్టము నిలకడగా నున్నదని చూచి, అప్పుడు ఇంజను నడపుదురు.