సవరలకు శిష్యుఁడైన యుపాధ్యాయుఁడు: గిడుగు రామమూర్తి పంతులుగారు

మనుష్యునకుఁ దనవారియం దభిమానము సహజము. తన యిల్లు, తన కులము, తన యూరు, తన భాష, ఈ నాలుగు గోడల నడుమనే మనస్సు తిరుగుచుండును. ఇది దోషము గాదు. ఈ యభిమానమే లేకున్న మన వార్షికమహాసభయు లేదు, పేదవిద్యార్థులకు మనము చేయు సాయమును లేదు. కాని తన్నుఁ బోలినవానిని మాత్రమే మనుష్యునిగా నెంచుట యభిమానము గాదు, అంధత్వము. ఆ గోడను దాఁటుట కెంత శ్రమ పడవలెనో, ఎంత వెల యీయవలెనో తెలిసికొనఁ గోరువారికి శ్రీ గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారి చరిత్ర మొకటి చాలును.

పంతులుగారు 1863వ సంవత్సరము ఆగష్టు 29వ తేదీని శ్రీకాకుళమున కుత్తరమున, వంశధారాతీరమందలి పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రిగారు 1875లో స్వర్గస్థులు కాఁగా బాలుఁడు విజయనగరమున బంధువుల యింట నుండి చదువుకొనెను. గురజాడ అప్పారావుగా రచట వీరి సహాధ్యాయులు. 1879లో మెట్రిక్యులేషను ముగించి, మఱుసటి యేఁడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 30 రూపాయల జీతముపై నుపాధ్యాయులై చేరిరి. పగలు పాఠములు చెప్పుచు, స్వయముగాఁ జదువుకొని, యెఫ్.ఏ., బి.ఏ. పరీక్షలయందుఁ గృతార్థులైరి. చిన్ననాఁడే తండ్రిని గోల్పోయి స్వశక్తిచేఁ బైకివచ్చినవాఁడు తన యభివృద్ధినే చూచుకొనినచో లోకము నిందింపదు. పంతులుగా రంతటితోఁ దృప్తి చెందలేదు.

పర్లాకిమిడి నేఁడు ఒడిశాలోని గజపతి జిల్లాకు ముఖ్యపట్టణము. దాని చుట్టునున్న కొండలలో సవరలు నివసింతురు. వారి భాష పట్టణవాసులకుఁ దెలియదు. మాట తెలియని వానిని మూఢుఁ డనుట లోకమున కలవాటు. పంతులుగారికి వారి భాష నేర్చి వారికి విద్య చెప్పవలెనని సంకల్పము గలిగెను. ఇందు గమనింపఁదగినది వారు పెట్టుకొన్న క్రమము. బోధించుట తరువాత, నేర్చుకొనుట ముందు. తెలుఁగును సవరయు వచ్చిన యొకనిని దమ యింటనే యుంచుకొని, ఉపాధ్యాయవృత్తిలో నున్నవారు తామే శిష్యులై కూర్చుండిరి. ఆచారవంతములైన ఆనాఁటి గృహములలో నిది సామాన్యవిషయము గాదు.

సవరభాష తెలుఁగునకుఁ జుట్టము గాదు, సంస్కృతమునకును గాదు. అది ముండాభాషాకుటుంబములోనిది. గొంతులోనే యాఁగిపోవు ధ్వనులు దాని యందుఁ గలవు. నామమును గ్రియలోఁ జొనిపి వాక్యార్థము నంతయు నొక్క పదమున నిముడ్చు నేర్పును గలదు. అప్పటి కా భాషకు లిపి లేదు. లిపి లేని భాషకు నియమము లేదని తలఁచు మనబోంట్లకు, ఆ కొండవారి నాలుకపై నింతటి వ్యాకరణము గలదని పంతులుగారు చూపిరి. థర్స్టను దొరగారు దక్షిణహిందూదేశపుఁ గులములనుగూర్చి 1909లోఁ బ్రకటించిన గ్రంథమున సవరలనుగూర్చిన ప్రకరణమునకు వీరి పరిశోధనము మిక్కిలి తోడ్పడెను.

ఈ విద్యకు వా రిచ్చిన వెల గొప్పది. మన్యములలోఁ దిరుగుటచే మలేరియా జ్వరము పట్టెను. దానికై కొయినా మితిమీఱి సేవింపవలసి వచ్చి, చెవుడు వచ్చెను. అది జీవితాంతము విడువలేదు. పరుల మాట వినుటకై కొండ లెక్కినవారు వినికిడినే గోల్పోయిరి. అయినను బని మానలేదు. సవరభాషలోఁ బుస్తకములు వ్రాసిరి. సొంతధనముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతము లిచ్చి, ఆ బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పించిరి. ప్రభుత్వమువారు వేయి రూపాయలు పారితోషిక మీయఁబోఁగా, తమకు వలదనియు, ఆ సొమ్ముతో సవరలకు మంచి బడి పెట్టుఁడనియుఁ గోరిరి. దాదాపు ముప్పదియైదేండ్ల కృషి ఫలితమైన సవరవ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను మద్రాసు ప్రభుత్వమువారిచే ముద్రితములయ్యెను.

పంతులుగారు స్వజనాభిమానమును విడిచిరా? లేదు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రమునఁ జేరఁగా, అచట నుండుట కిష్టపడక రాజమహేంద్రవరమునకుఁ దరలి వచ్చిరి. తెలుఁగుపిల్లలకు వారు పలుకు భాషలోనే చదువు చెప్పవలెనని పండితలోకముతోఁ బోరాడిరి. 1919లోఁ దెలుఁగు అను పత్రికను నడపిరి. గ్రాంథికముననే వ్రాయు నాబోఁటి పాతకాలపువాఁడు సయితము వారి వాదములోని కారుణ్యమును గాదనలేఁడు. కొండబిడ్డకుఁ దన మాటలోఁ జదువు న్యాయమైనచో, మన పాలేరు బిడ్డకు నదియే న్యాయము గదా! వారు 1940 జనవరి 22వ తేదీని గీర్తిశేషులైరి. వారి జన్మదినమును నేఁడు తెలుఁగుభాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. సవరలను మాత్రము తలఁచువా రరుదు.

ఐతరేయబ్రాహ్మణమున నొక కథ గలదు. శునశ్శేపుని జ్యేష్ఠునిగా నంగీకరింపక విశ్వామిత్రుని శాపమునకు గుఱియైన కుమారుల సంతతియని ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పులిందులు, మూతిబులు ఒక్క వరుసలోఁ బేర్కొనఁబడిరి. మనమును శబరులును నొక్క తండ్రి బిడ్డలము; ఒక్క గడపకు వెలుపల నిలువఁబెట్టఁబడినవారము. వంశగౌరవము నెన్నుకొను దినమున నీ మాటను గూడ జ్ఞప్తియందుంచుకొనుట మంచిది.

సోదరులారా, సోదరీమణులారా! మన పిల్లలకుఁ జేయు సాయమును దగ్గింపుఁడని నా మనవి గాదు. మన యిండ్లు కట్టుటకుఁ బరదేశమునుండి వచ్చిన కూలివాఁడు, మన బడిలోఁ జేరిన కొండబిడ్డ, మన వాకిట నిలిచిన యన్యభాషీయుఁడు, వీరికి హితము చెప్పుటకు ముందు వారి పేరడిగి, వారి మాటలు నాలుగు నేర్చుకొనుఁడు. పంతులుగారు మొదలుపెట్టినది నక్కడనే.