ఆ మాత్ర వెనుక ఒక భీమవరం బిడ్డ

తెల్లారుతూనే తియ్యగా ఉన్న తాటి నీరా ఎండెక్కేసరికి పులిసి కల్లవుతుంది. బాగా మాగిన అరటిపండుని మరిచిపోతే పులిసిన వాసనేస్తుంది. పూలమీదా, పండ్లమీదా కాపురముండే ఈస్ట్ అనే కంటికి కనబడని జీవుల పనే ఇదంతా. ఆ ఈస్ట్‌లో ఆడవాళ్లకి అక్కరకొచ్చే విటమిన్ ఒకటుంది. దాన్ని మాత్రగా మనకందించిన వాళ్లలో ముఖ్యులు మన గోదావరి జిల్లా వారే. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు అబ్బలేదు. కాశీలో యాత్రికులకి అరటిపళ్లు అమ్ముకుందామని ఇల్లు వదిలి పారిపోతే దారిలోనే పట్టుకొచ్చారు. తల్లి వెంకమ్మగారు పట్టు వదల్లేదు. మూడోసారికి మెట్రిక్ గట్టెక్కి, మద్రాసులో వైద్యం చదివారు. ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసర్‌కి కోపమొచ్చి, చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు చిన్న డిగ్రీ ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది.

1919లో శేషగిరి గారితో పెళ్లయింది. అంతలో అన్న పురుషోత్తంగారిని గ్రహణి పొట్టన పెట్టుకుంది. అదే జబ్బు తనకీ వస్తే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదం బతికించింది. ఈ జబ్బుల సంగతేదో తేల్చాలని, మామగారూ, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థా ఆదుకుంటే 1922లో అమెరికా చేరారు.

1931లో లూసీ విల్స్ అనే డాక్టరమ్మ, బొంబాయిలో గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతోందని లోకానికి చెప్పింది. అందులో పనిచేసేదేమిటో మాత్రం అప్పటికి తేలలేదు. అదే ఫోలిక్ యాసిడ్. లెడర్లీ కంపెనీలో సుబ్బారావుగారి బృందం 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. అన్నగారిని బలిగొన్న గ్రహణికీ అది మందయింది. మన డెల్టాని పీడించిన బోదకాలు జబ్బుకి మందు కూడా ఆ బృందం చలవే.

ఇటు శేషగిరిగారి కడుపున పుట్టిన కొడుకు తండ్రి ముఖం చూడకుండానే పసితనంలో పోయాడు. వస్తానన్న భర్త రానేలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, అక్కడే కన్నుమూశారు. 1953లో ఒక బూజుజాతి జీవికి ఆయన పేరుతో సబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. శేషగిరిగారి ఎదురుచూపుకి మాత్రం ఏ పేరూ లేదు.

ఈసారి మీ ఇంట్లో నీళ్లోసుకున్న అమ్మాయికి ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర అందించేటప్పుడు ఆయన్నీ, ఆవిణ్ణీ ఇద్దర్నీ తలుచుకోండి.