ఏ ప్రభుత్వానికీ తలవంచని ఉద్యోగి – డాగ్ హామర్‌షోల్డ్

పై అధికారి ఆజ్ఞ, రాజకీయ నాయకుని సిఫారసు, చట్టం చెప్పే తీరు – ఈ మూడింటి నడుమ నలగని ఉద్యోగి అరుదు. ఆ నలుగుబాటును ప్రపంచస్థాయిలో అనుభవించి, విధి నిర్వహణలోనే అసువులు బాసిన వ్యక్తి ఐక్యరాజ్యసమితి రెండవ ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షోల్డ్. విశ్రాంత ఉద్యోగులమైన మనం తప్పక తెలుసుకోదగిన జీవితం ఆయనది.

హామర్‌షోల్డ్ 1905 జూలై 29న స్వీడన్‌లో జన్మించారు. తండ్రి యాల్మార్ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆ దేశ ప్రధానమంత్రి. బాల్యం, చదువు ఎక్కువగా ఉప్సాలా నగరంలో సాగాయి. అర్థశాస్త్రంలో డాక్టరేటు పొంది, 1936లో ఆర్థికశాఖలో ఉన్నతాధికారి అయ్యారు. తరువాత స్వీడన్ కేంద్రబ్యాంకు పాలకమండలికి అధ్యక్షత వహించారు. 1951లో మంత్రివర్గంలో చేరినా ఏ పార్టీ సభ్యత్వమూ తీసుకోలేదు. జీవితాంతం బ్రహ్మచారిగానే ఉన్నారు.

1953 ఏప్రిల్‌లో ఆయన సమితి బాధ్యతలు స్వీకరించేనాటికి న్యూయార్కు కార్యాలయం భయంతో వణుకుతోంది. కమ్యూనిస్టుల వేట పేరిట అమెరికా సెనేట్ సంఘాలు సమితిలోని అమెరికన్ సిబ్బందిని ప్రశ్నిస్తున్నాయి. ఆ దేశపు ఎఫ్.బి.ఐ. అధికారులు సమితి భవనంలోనే కూర్చున్నారు. జవాబు చెప్ప నిరాకరించిన పలువురిని అంతకుముందున్న ప్రధాన కార్యదర్శి ట్రిగ్వే లీ తొలగించారు. హామర్‌షోల్డ్ 1953 చివరలో ఎఫ్.బి.ఐ. వారిని భవనం నుండి పంపివేశారు. సిబ్బంది ఏ ప్రభుత్వం నుండీ ఆదేశాలు కోరరాదని, పొందరాదని సమితి చార్టర్ 100వ అధికరణం చెబుతుంది. ఆ అక్షరానికి ఆయన ప్రాణం పోశారు. అయితే పరిపాలనా ట్రిబ్యునల్ 11 మంది పక్షాన తీర్పు చెప్పినప్పుడు, తిరిగి పనిలోకి తీసుకోమన్న నలుగురిని మాత్రం ఆయన తీసుకోలేదు. పరిహారంతో సరిపెట్టారు. ఆ పరిహారాన్ని ఆపే అధికారం సర్వప్రతినిధి సభకు లేదని 1954లో అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చింది.

1955 జనవరిలో ఆయన స్వయంగా పెకింగ్ వెళ్లి చౌ ఎన్‌లైతో మాట్లాడారు. అక్కడ ఖైదులో ఉన్న 11 మంది అమెరికన్ వైమానికులు ఆ ఆగస్టులో విడుదలయ్యారు. 1956లో సూయజ్ సంక్షోభం వచ్చినప్పుడు కెనడా మంత్రి లెస్టర్ పియర్సన్‌తో కలిసి తొలి శాంతి సేనను నిలబెట్టారు. అందులో భారత సైనికులూ పాల్గొన్నారు.

అసలు అగ్నిపరీక్ష కాంగో. 1960 జూన్ 30న బెల్జియం నుండి స్వాతంత్ర్యం పొందిన ఆ దేశం రెండు వారాలు తిరగకుండానే అల్లకల్లోలమైంది. రాగి గనులున్న కటంగా రాష్ట్రం షోంబే నాయకత్వాన విడిపోతానంది. గనుల కంపెనీ ఆయన వెనుక నిలిచింది. సమితి సేన ఒక దశలో 20,000కు చేరువైంది. మన రాజేశ్వర్ దయాళ్ అక్కడ హామర్‌షోల్డ్ ప్రత్యేక ప్రతినిధిగా పనిచేశారు. 1961 జనవరిలో ప్రధాని లుముంబా హత్యకు గురయ్యారు. ఆయనను కాపాడలేకపోయారన్న నింద సమితిపై పడింది.

అప్పటికే హామర్‌షోల్డ్‌పై రెండువైపులా అనుమానాలు ముసురుకున్నాయి. ఆయన వలసవాదుల చేతి మనిషని సోవియట్ నేత కృశ్చేవ్ ఆరోపించి, రాజీనామా కోరారు. ఆ పదవిలో ఒకరికి బదులు ముగ్గురుండాలన్నారు. చిన్న దేశాలకు సమితి అవసరమని చెప్పి హామర్‌షోల్డ్ కదలలేదు. మరోవంక అమెరికాలో 1958లో పుట్టిన జాన్ బర్చ్ సొసైటీ, సమితి అంటే కమ్యూనిస్టుల ప్రపంచ ప్రభుత్వానికి పన్నిన కుట్ర అని ప్రచారం చేసింది. నిజానికి ఆ ‘ప్రపంచ ప్రభుత్వం’ పన్ను వేయలేదు, సొంత సైన్యం లేదు. కాంగో ఖర్చులో తమ వాటా చెల్లించబోమని రష్యా, ఫ్రాన్సు భీష్మించినప్పుడు వసూలు చేసే దారే దానికి దొరకలేదు.

1961 సెప్టెంబరు 17 రాత్రి, షోంబేతో కాల్పుల విరమణ మాట్లాడేందుకు వెళుతున్న ఆయన విమానం నేటి జాంబియాలోని ఎన్‌డోలా దగ్గర కూలింది. విమానంలోని 16 మందిలో ఒకరు కొన్నాళ్లు బతికి కన్నుమూశారు, మిగిలినవారు అక్కడే మరణించారు. విమానాశ్రయానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోనే ఉన్న శకలాలను అధికారులు కనుగొనడానికి దాదాపు 15 గంటలు పట్టింది. పైలట్ పొరపాటేనని రొడీషియా విచారణ తేల్చింది. ఆకాశంలో మరో విమానాన్ని చూశామన్న ఆఫ్రికన్ బొగ్గు కార్మికుల సాక్ష్యాన్ని అది లెక్కచేయలేదు. సమితి విచారణ ఏ కారణాన్నీ ఖాయం చేయలేదు. దశాబ్దాల తరువాత టాంజానియా మాజీ ప్రధాన న్యాయమూర్తి మహమ్మద్ చాందే ఒత్మాన్ మళ్లీ విచారణ జరిపారు. బయటి దాడి లేదా బెదిరింపు కారణమై ఉండే అవకాశం ఉందని 2017లో నివేదించారు. కొన్ని ప్రభుత్వాలు తమ వద్దనున్న సమాచారం పూర్తిగా ఇవ్వలేదనీ చెప్పారు.

ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. ప్రపంచాన్ని ఏలే రహస్య కుట్ర అన్న ప్రచారానికి ఆధారంతో పని లేదు, కనుక అది ఎన్నటికీ తేలదు. విమానం సంగతి అలా కాదు. సాక్షులున్నారు, ఫైళ్లున్నాయి, అవి తెరిస్తే తేలుతుంది. మొదటిదాన్ని నమ్మనక్కరలేదు, రెండవదాన్ని మరువరాదు.

1961 నోబెల్ శాంతి బహుమతి మరణానంతరం ఆయనకు లభించింది. ఆయన ఇంట దొరికిన స్వీయ చింతనల రాతప్రతి 1963లో స్వీడిష్ భాషలో పుస్తకమైంది. అందులో తాను నెరిపిన పెద్ద పదవి ప్రస్తావన దాదాపు కనిపించదు. ఫైలు మూసి ఇంటికి వచ్చిన మనకు ఆ నిరాడంబరత ఆదర్శం కాదగినది.