పర్లాకిమిడి పంతులుగారు

ఏటా ఆగస్టు 29న మన బళ్లలో గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి దండ వేస్తాం. వాడుక భాష కోసం పోరాడారని పిల్లలకు చెప్తాం. ఆయన జీవితంలో ఎక్కువ కాలం మన ఊళ్లలాంటి రెండు భాషల ఊళ్లోనే గడిచిందన్న సంగతి మాత్రం చెప్పడం మరిచిపోతుంటాం.

రామమూర్తి 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజావారి బడిలో చదువుకున్నారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయన సహాధ్యాయి. 1880లో, పదిహేడేళ్లు నిండీ నిండకుండానే పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు.

పర్లాకిమిడి అప్పుడు మద్రాసు రాజధానిలో, గంజాం జిల్లాలో ఉండేది. ఊళ్లో తెలుగు, ఒరియా రెండూ వినిపించేవి. చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్ల మాట తెలుగూ కాదు, ఒరియా కూడా కాదు. ముండా కుటుంబానికి చెందిన భాష. దానికి అప్పటికి లిపి లేదు. రామమూర్తి ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. తెలుగు లిపిలోనే సవర పిల్లలకు వాచకాలు, పాటలు, కథలు రాశారు. సొంత ఖర్చుతో బళ్లు పెట్టించారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమన్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైను వాడి వాడి చివరికి వినికిడి పోగొట్టుకున్నారు.

తెలుగు పిల్లల చదువు ఇంట్లో ఎవరూ మాట్లాడని గ్రాంథికంలో సాగకూడదని ఆయన పట్టుపట్టింది ఆ తరువాతే. సవర పిల్లవాడికి ఏ న్యాయం అడిగారో, తెలుగు పిల్లవాడికీ అదే అడిగారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులో కలిసింది. పంతులుగారు పాఠాలు చెప్పిన సంస్థానానికి రాజైన కృష్ణచంద్ర గజపతే ఆ రాష్ట్రం కోసం ముందు నిలిచారు. ఆ కలయికను వ్యతిరేకించిన పంతులుగారు, యాభై ఏళ్లకు పైగా ఉన్న ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. అప్పటికి ఆయనకు డెబ్బై రెండేళ్లు. ఊరు విడిచినా సవరను విడవలేదు. ఆయన సవర నిఘంటువు 1938లో వెలువడింది. 1940 జనవరి 22న ఆయన కన్నుమూశారు.

పంతులుగారు వెళ్లిపోయారు. మన తాతలు మాత్రం ఉన్నచోటే ఉండిపోయారు. హద్దులు మారాయి, వీధిలో బోర్డులు మారాయి. మన పిల్లలు బయట తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీనో మాట్లాడి, ఇంటికొచ్చి అది కలిసిన తెలుగే మాట్లాడతారు. అది విని చుట్టాలు నవ్వితే పిల్లలు నోరు మూసుకుంటారు. బళ్లో మనమే ఆ మాటను తప్పని కొట్టేస్తే ఇక తెలుగు పుస్తకమే తెరవరు.

వచ్చే ఆగస్టులో పటానికి దండ వేసేటప్పుడు సవర పిల్లల సంగతి కూడా చెబుదాం. ఆ రోజు ఒక్కొక్క పిల్లచేత ఇంట్లో మాట్లాడే తెలుగులోనే ఒక కథ చెప్పిద్దాం. పుస్తకాల తెలుగు మర్నాటి నుంచి నేర్పవచ్చు.