పడవ పందేల యంత్రశిల్పి కీక్‌హేఫర్

పడవ పందెం చూడవచ్చిన వారి దృష్టి నీటిని చీల్చుకొని పరుగెత్తే పడవ మీదా, దాని వెనుక గర్జించే మోటారు మీదా నిలుస్తుంది. జయాపజయాలను నిర్ణయించే మరొక భాగం నీటి అడుగున ఎవరి కంటా పడకుండా ఉంటుంది. అదే గేర్ పెట్టె. బండికి ఇరుసు ఎటువంటిదో ఈ మోటారుకు అది అటువంటిది. పందెపు మోటారును ఆ చిన్న పెట్టెతో సహా విరగని యంత్రంగా తీర్చిదిద్దాలని జీవితమంతా శ్రమించిన అమెరికా దేశీయుడు ఎల్మర్ కార్ల్ కీక్‌హేఫర్.

ఆయన 1906 జూన్ 4వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రంలోని మెక్వాన్‌లో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. యౌవనంలో మిల్వాకీ నగరంలో అయస్కాంత యంత్రాలను నిర్మించే ఒక సంస్థలో పనిచేసి, యంత్రాల రూపకల్పనలో నేర్పు సంపాదించాడు. 1939లో తండ్రి తోడ్పాటుతో సీడర్‌బర్గ్ అనే చిన్న పట్టణంలో మూతపడిన ఒక కర్మాగారాన్ని కొన్నాడు. అయస్కాంత పరికరాలను తయారుచేయాలనేది ఆయన సంకల్పం. కాని ఆ కర్మాగారంలో, కొన్నవారు పనికిరావని తిప్పి పంపిన పడవ మోటార్లు దాదాపు మూడువందలు పడి ఉన్నాయి. చేతిలో ధనం లేదు. ఆ మోటార్లను విప్పి, లోపాలను సవరించి, వద్దన్న వ్యాపారులకే మళ్ళీ అమ్మాడు. వారు సంతృప్తి చెంది మరికొన్ని కావాలన్నారు. అన్యుల తప్పులను విప్పి చూడడంతో ఆయన అసలైన విద్యాభ్యాసం ఆరంభమయింది.

1940లో తన సొంత మోటార్లను న్యూయార్కు పడవల ప్రదర్శనలో ఉంచి, వాటికి మెర్క్యురీ అని పేరు పెట్టాడు. మెర్క్యురీ రోమనుల పురాణాలలో దేవతల వార్తాహరుడు, వేగానికి ప్రతీక. ఆ మాటకు పాదరసమనే అర్థం కూడా ఉంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైన్యానికి కలపకోత రంపాల ఇంజన్లను తయారుచేసి, యుద్ధానంతరం మళ్ళీ పడవల వైపు మళ్ళాడు. 1947లో వెలువడిన లైట్నింగ్ అనే మోటారు పేరుకు పది అశ్వశక్తులదే అయినా, అంతకు మించిన బలం చూపి పందెగాండ్రను ఆకర్షించింది.

బలం పెరిగిన కొద్దీ గేర్ పెట్టెకు పరీక్ష కఠినమయింది. ఇంజన్ నుండి నిలువుగా దిగే ఇరుసు నీటి అడుగున ఒక చిన్న పళ్ళచక్రాన్ని త్రిప్పుతుంది. అది మరొక పళ్ళచక్రంతో కలిసి ఆ భ్రమణాన్ని అడ్డంగా మళ్ళించి ప్రొపెల్లరుకు అందిస్తుంది. ఈ చక్రాలను కాపాడే లోహపు పెట్టె లావుగా ఉంటే నీరు అడ్డగించి వేగం తగ్గుతుంది. సన్నగా ఉంటే లోపలి చక్రాలు చిన్నవై, ఒక్కొక్క పంటి మీద భారం పెరుగుతుంది. పైగా పడవ అలమీద ఎగిరినప్పుడు ప్రొపెల్లర్ గాలిలో అడ్డూ ఆపూ లేక తిరిగి, మరుక్షణంలో నీటిని తాకుతుంది. ఆ తాకిడి అంతా సుత్తిదెబ్బ వలె ఆ పళ్ళ మీదనే పడుతుంది. వేగమూ మన్నికా ఒకదానికొకటి విరోధులు. ఆ రెండింటికీ సంధి కుదర్చడమే యంత్రశిల్పి ప్రజ్ఞ.

పందెపు మోటార్లకై కీక్‌హేఫర్ సంస్థ తయారుచేసిన క్విక్‌సిల్వర్ అనే అడుగుభాగం ఈ సమస్యకు సమాధానం. ఆ పేరుకూ పాదరసమనే అర్థం. దానిలో వెనుకకు నడిపే గేరు లేదు, ఇంజన్ తిరుగుతుండగా పడవను నిలిపి ఉంచే ఏర్పాటూ లేదు. ఇంజన్ అంటుకొన్న క్షణాన పడవ ముందుకు దూకవలసిందే. అనవసరమైన ప్రతి భాగాన్నీ తొలగించడం వలన పెట్టె సన్నబడింది, విరగడానికి వీలైన భాగాల సంఖ్యా తగ్గింది.

మన్నికను మాటలతో కాక పరీక్షలతో నిరూపించాలని ఆయన పట్టుదల. 1957లో ఫ్లారిడా రాష్ట్రంలో అడవుల నడుమ ఉన్న ఒక సరస్సును రహస్య పరీక్షాస్థలంగా ఎంచుకొని, దానికి లేక్ ఎక్స్ అని పేరు పెట్టాడు. ఆ ఏడాదే మార్క్ 75 అనే అరవై అశ్వశక్తుల మోటార్లు అక్కడ రాత్రింబవళ్ళు 34 రోజులకు పైగా నడిచి 25,000 మైళ్ళు పూర్తిచేశాయి. అది భూగోళాన్ని ఒకసారి చుట్టివచ్చేంత దూరం. నూనె నింపడం, నడిపేవారు మారడం కూడా పడవ సాగుతుండగానే జరిగాయి. 1958లో హ్యూ ఎన్‌ట్రాప్ అనే పందెగాడు మెర్క్యురీ మోటారుతో గంటకు 107 మైళ్ళు దాటి రికార్డు నెలకొల్పాడు. కారు పందేలలోనూ 1955, 1956 సంవత్సరాలలో కీక్‌హేఫర్ జట్టు డ్రైవర్లే నాస్కార్ చాంపియన్లయ్యారు.

అయితే యంత్రాల పట్ల చూపిన సహనం ఆయన మనుష్యుల పట్ల చూపలేకపోయాడు. కోపిష్ఠి. తాను నిద్ర మాని పనిచేస్తే ఇతరులూ అట్లే చేయాలనేవాడు. 1961లో ఆయన సంస్థ బ్రన్స్‌విక్ అనే పెద్ద సంస్థలో విలీనమయింది. ఎవరి ఆజ్ఞకూ లోబడి ఎరుగని స్వభావానికి ఆ పొందిక కుదరలేదు. 1970 నాటికి తాను పెంచిన సంస్థను విడిచి బయటికి వచ్చాడు. వేరొక సంస్థను స్థాపించి, 1983 అక్టోబరు 5వ తేదీన మరణించేవరకు ఇంజన్లతోనే కాలం గడిపాడు. తాకిడిని ఓర్చుకొనే విద్యను లోహానికి నేర్పిన ఆ శిల్పికి తన స్వభావానికి దానిని నేర్పుకొనే తీరిక చిక్కలేదు.

ఆనాటి క్విక్‌సిల్వర్ పెట్టెలు కొన్నింటిని పాత మోటార్ల అభిమానులు నేటికీ నీటిలో నడుపుతున్నారు. నడిపే ముందు వారు లోపలి నూనెను దింపి పరీక్షిస్తారు. అది పాలవలె తెల్లబడి ఉంటే నీరు చొరబడిందన్నమాట. ఇక బేరింగులకు తుప్పు, పళ్ళకు గుంటలు తప్పవు. నూనె నిర్మలంగా ఉంటే ఆ పాత చక్రాలు మరొక పందేనికి సిద్ధం. నిర్మించినవాని ప్రజ్ఞ ఎంతటిదైనా, దానిని నిలబెట్టేది తరువాతివారి శ్రద్ధయే.