ధ్రువకాంతుల గుట్టు విప్పిన బిర్కెలాండ్

సూర్యుని నుంచి ఎండ ఒక్కటే రాదు. విద్యుత్ కణాల గాలి కూడా ఎడతెగకుండా వీస్తుంటుంది. ఆ సంగతిని ముందుగా పసిగట్టిన వారిలో నార్వే శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ బిర్కెలాండ్ ఒకరు. ఆయన 1867 డిసెంబరు 13న ఇప్పటి ఓస్లో నగరంలో జన్మించారు. 1898లో అక్కడి విశ్వవిద్యాలయంలోనే ప్రొఫెసర్ అయ్యారు.

నార్వే ఉత్తరాన చలికాలపు రాత్రుల్లో ఆకాశంలో పచ్చని, ఎర్రని తెరలు ఆడుతుంటాయి. వాటి కారణం తేల్చాలని ఆయన పట్టుబట్టారు. 1899లో హాల్డె కొండ కొనపై రాతి ఇల్లు కట్టించి, తన జట్టుతో ఆ చలికాలమంతా పరిశీలనలు సాగించారు. మంచు చరియలు విరిగిపడి జట్టులోని ఒక యువకుడు చనిపోయాడు. అయినా వెనుదీయక 1902-03లో మరో నాలుగు చోట్ల శిబిరాలు వేయించారు. ఆకాశంలో కాంతి చెలరేగినప్పుడు దిక్సూచి ముల్లు కూడా చలిస్తోందని ఆ కొలతల్లో కనబడింది. గాలి తీసేసిన గాజు పెట్టెలో అయస్కాంతపు బంతిని ఉంచి దానిపైకి విద్యుత్ కణాలు పంపగా, ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలు ఏర్పడ్డాయి. సూర్యుని కణాలు భూమి అయస్కాంత రేఖల వెంట దిగివచ్చి, పై వాతావరణంలో విద్యుత్తును పారిస్తాయని ఆయన తేల్చారు.

రైతులకు ఇంకో విశేషం. ఆయన తయారుచేసిన విద్యుత్ ఫిరంగి 1903లో ప్రదర్శననాడే పెద్ద మెరుపుతో చెడిపోయింది. అటువంటి మెరుపుతోనే శామ్ ఐడె అనే ఇంజనీరుతో కలిసి గాలిలోని నత్రజని నుంచి ఎరువు తీశారు. మనం చల్లే యూరియా వేరే పద్ధతిది. అయినా గాలి నుంచి ఎరువు తీసే ఫ్యాక్టరీలకు దారి వేసిన వారిలో ఆయన కూడా ఉన్నారు.

సిద్ధాంతాన్ని మాత్రం పెద్దలు ఒప్పుకోలేదు. ఇంగ్లండుకు చెందిన సిడ్నీ ఛాప్‌మన్ వంటివారు ఆ విద్యుత్తు పైనుంచి దిగదనీ, వాతావరణంలోనే తిరుగుతుందనీ వాదించారు. బిర్కెలాండ్ 1917 జూన్ 15న టోక్యో హోటల్ గదిలో, నిద్రమందు మోతాదు మించి, 49 ఏళ్లకే కన్నుమూశారు. తరువాత దాదాపు అర్ధ శతాబ్దానికి, 1960 దశకంలో, అమెరికా ఉపగ్రహం కొలతల్లో ఆ ప్రవాహాలు దొరికాయి. ఇప్పుడు వాటికి ఆయన పేరే.

సూర్యగాలి తనతోపాటు అయస్కాంత క్షేత్రాన్ని కూడా మోసుకొస్తుంది. అది దక్షిణానికి తిరిగి ఉన్నప్పుడు భూమి క్షేత్రంతో కలిసిపోతుంది. తలుపు తీసినట్టే. అప్పుడు లక్షల ఆంపియర్ల విద్యుత్తు 100 కిలోమీటర్ల ఎత్తు వరకు దిగుతుంది. పైగాలి వేడెక్కి ఉబ్బుతుంది, రేడియో దెబ్బతింటుంది, తక్కువ ఎత్తు ఉపగ్రహాలు కిందికి జారతాయి. 2024 మే నెల తుఫానులో లడఖ్‌లోని హాన్లెలో కూడా ఆకాశం ఎర్రబడింది. ఆ క్షేత్రం దిక్కును కొలిచే పరికరం 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆదిత్య-ఎల్1లో ఉంది.