కిర్రుచెప్పులు – కవి పాదము

రెంటచింతల యెండను గూర్చి తెలుగువారికి వేఱుగ జెప్ప బనిలేదు. వేసవి వచ్చిన దనిన, ఉష్ణోగ్రతల పట్టికలో ఆ యూరి పేరు ముందుండుట పరిపాటి. నాపరాతి నేల కాగిన పెనమై యుండు పల్నాటిలో కాలికి చెప్పులేనివాని యవస్థ నడచినవారికే యెఱుక.

అచ్చటను చెప్పులలో విలాసము లేకపోలేదు. సంపన్నులు తొడిగిన కిర్రుచెప్పులను ముదుసళ్లు నేటికిని తలంచుకొందురు. తోలును సున్నపు నీట నానవైచి, రోమము దీసి, తంగేడు చెక్క కషాయమున దినముల తరబడి యూరబెట్టి, ఆముదము పట్టించి, పొరపై పొర పేర్చి ఆరెతో కుట్టిన చెప్పులవి. నడకలో పొరలు ఒరసికొని కిర్రుమనును. వీథి మొదట ఆ చప్పుడు వినబడినంతనే పెద్దమనిషి వచ్చుచున్నాడని యెల్లరు తెలిసికొనెడివారు. వానిని కుట్టినవాడు మాత్రము అదే వీథిలో తన చెప్పులు చేతబట్టుకొని నడువవలసియుండెను.

ఈ వింత న్యాయమును పద్యముతో నిలువదీసిన కవి గుఱ్ఱం జాషువగారు. రెంటచింతలవలె నేటి పల్నాడు జిల్లాలోనిదే యైన వినుకొండలో 1895 సెప్టెంబరు 28న వారు జన్మించిరి. తండ్రి వీరయ్యగారు యాదవులు. తల్లి లింగమ్మగారు తోలుపని కులవృత్తిగా గల మాదిగవారి యాడుబిడ్డ. క్రైస్తవ కుటుంబమే యైనను అంటు వదలలేదు. వినుకొండలో నొక యవధాన సభయందు పద్యములు చదివినందులకు, తక్కువ కులమువానిని లోనికి రానిచ్చిన దెవరని కొందఱు గద్దించిరి. పురాణగాథలను కావ్యములుగా వ్రాసినందులకు క్రైస్తవులలో గొందఱికిని వారు కంటగింపైరి. ఇరుగడల తలుపులు మూసినవానికి మిగులునది భాషయే గదా!

బ్రతుకుతెరువునకై బడిపంతులు పని చేసిరి. రాజమహేంద్రవరమున మూగచిత్రములకు ప్రక్కన నిలిచి కథ చెప్పిరి. గుంటూరిలో మరల నుపాధ్యాయులైరి. 1941లో “గబ్బిలము” వెలువడినది. దాని నాయకుడు తంజావూరి అరుంధతీసుతుడు. గుడిలోనికి తాను పోరాదు. గబ్బిలమునకు మాత్రము అడ్డులేదు. కావున కాశీనాథునకు తన గోడు దానిచే పంపినాడు. మేఘసందేశమునకు అనుకరణ మని దీనిని తేల్చివేయువారు ఒకటి మఱచుచున్నారు: యక్షుని శాపము ఒక్క యేడాదిది, ఇతనిది తరతరములది. చెప్పులు కుట్టు ఈ నాయకుడు దయను యాచింపడు. లోకము తనకు తీర్పవలసిన బాకీని జూపును. ఆ కావ్యపు బలమంతయు నందే యున్నదని నా తలంపు.

బిరుదుల కేమి, పెక్కు వచ్చినవి. 1964లో “క్రీస్తు చరిత్ర”కు సాహిత్య అకాడమీ పురస్కారము, ఆ యేడే శాసనమండలి సభ్యత్వము, 1970లో పద్మభూషణము. 1971 జూలై 24న కన్నుమూసిరి.

వీనికన్న ముందటిది, వీనికన్న పెద్దది, గండపెండేరము. కవి పాదమునకు తొడుగు గౌరవాభరణ మది. తిరుపతి వేంకట కవులలో నొకరు, మహావధాని చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు సభామధ్యమున దానిని తమ చేతులతోనే జాషువగారి కాలికి తొడిగిరి. ఆ మహాకవి పాదమును తాకి తమ జన్మ ధన్యమైనదని అందఱును వినునట్లు పలికిరి.